పూల గంబూట్లు: మూడు జతలు కొన్నాక తేలిన సంగతులు

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త పొడుగు రివ్యూ. రెండేళ్ళలో మూడు జతల గంబూట్లు కొన్నానండి, మొదటి రెండిటికీ కలిపి రెండు వేల మూడొందల పైనే గోదాట్లో పోసినట్టయింది, ఆ కడుపుమంట కూడా ఇందులో కాస్త కనపడుతుంది, ఏమనుకోకండి. మూడోది మాత్రం బావుంది. అది ఎందుకు బావుందో, ముందువి ఎందుకు పోయాయో చెప్తే కొనాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర. నేను పాఠాలు చెప్పే బడి లంకలో, అంటే గోదారి పాయల మధ్య దిబ్బ మీద ఉంది. స్కూటీ ఏటిగట్టు దాకానే, అక్కడ తెలిసినవాళ్ళ పాకలో పెట్టేసి మిగతా కిలోమీటరున్నర నడకే. జూన్లో బళ్ళు తెరిచిన దగ్గర్నించి నవంబర్లో తుఫాన్లు సద్దుమణిగే దాకా ఆ పుంత, అదే ఆ మట్టిదారి, ఎలా ఉంటుందో లంకలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒండ్రు రొంపి, అరటితోటల్లో నిలవ నీళ్ళు, గేదెలు నడిచి నడిచి చేసిన గుంటలు, వాటిలో పేడ. చెప్పులేసుకుని నడిస్తే మడమ లేచినప్పుడల్లా బురద వెనక నించి నడుం దాకా చిమ్ముతుంది, బడికెళ్ళేసరికి వెనకంతా చుక్కల చీరే. పోనీ చెప్పులు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో నడిస్తే కొబ్బరి ఈనెలు, గాజుపెంకులు. పైగా కిందటేడాదికి ముందు వర్షాకాలంలో వేళ్ళ సందులన్నీ ఒరిసిపోయి తెల్లగా పాలిపోయి చీము పట్టాయి. డాక్టరు గారు చూసి, ఇలా పగుళ్ళున్న కాళ్ళతో నిలవ నీళ్ళలో దిగితే ఎలుక జ్వరం వచ్చే అవకాశం ఉందమ్మా, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నించి పుండ్లలోంచే ఒంట్లోకి వెళ్తుంది, బూట్లేసుకోండి అన్నారు. అలా మొదలైందండి ఈ బూట్ల పిచ్చి.

సాదా నల్లవి కొనుక్కోవచ్చు కదా అంటారా. మావారూ అదే అన్నారు. రొయ్యల చెరువుల దగ్గర కుర్రాళ్ళందరూ అవే వేస్తారు, ఎరువుల కొట్లో కూడా దొరుకుతాయి, గట్టివి కూడాను. కానీ వాటిని వేసుకుని చుడీదార్‌తో అద్దం ముందు నిలబడితే కరెంటు స్తంభం ఎక్కడానికి వచ్చినదాన్లా ఉన్నా. రోజూ వేసుకోవాల్సిన వస్తువు కాస్త కళ్ళకి ఇంపుగా ఉంటే తప్పేంటి? చీర కొనేటప్పుడు అంచు చూసుకుంటాం, గొడుగు కొన్నా రంగు చూసుకుంటాం, కాళ్ళకి వేసుకునేదానికి మాత్రం ఏదో ఒకటి చాలంటే ఎలా.

మొదటి జత ఆన్‌లైన్లో కొన్నా. ఏ సైటో చెప్పను, అవసరం లేదు. 899 రూపాయలు. ఫొటోలో ముదురు నీలం మీద పసుపు బంతిపూలు, ఎంత ముద్దొచ్చాయంటే రివ్యూలు కూడా చదవకుండా ఆర్డర్ పెట్టేశా. వచ్చినరోజు ఇల్లంతా కిరసనాయిలు వాసన లాంటిదేదో. సరే కొత్తవి కదా పోతుందిలే అనుకున్నా. వాసన పోలేదుగానీ మూడో వారానికి పూలు పోయాయి! చీలమండ దగ్గర కాలు వంగే చోట ముందు సన్న గీతలు వచ్చాయి, తర్వాత పాతగోడ సున్నం పెచ్చులూడినట్టు ఊడిపోవడం మొదలెట్టాయి. రెండో తరగతి పిల్లాడొకడు వరండాలో పసుపు పెచ్చు ఏరి తెచ్చి "మేడమండీ, మీ పువ్వు రాలిపోయిందండీ" అని నా చేతిలో పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది, అమ్మినవాళ్ళని అడిగితే వాడకంలో మామూలే అని ఒక లైను జవాబిచ్చి ఊరుకున్నారు.

అప్పుడు కూర్చుని అసలీ డిజైన్లు ఎలా వేస్తారో తెలుసుకున్నా, కొనేముందు చెయ్యాల్సిన పని కొన్నాక చేశానన్నమాట. ఒక పద్ధతి ఏంటంటే బొమ్మ ప్రింట్ చేసిన పల్చటి పొరని నీళ్ళ మీద తేలేసి, వస్తువుని అందులో ముంచితే పొర చుట్టూ అతుక్కుంటుంది, పైన లక్క పూసినట్టు ఒక కోటింగ్ కొడతారు. హెల్మెట్లకీ బైకు పార్టులకీ వేసే డిజైన్లు చాలావరకు ఇలాగే వేస్తారు. హెల్మెట్ వంగదు కాబట్టి నిలుస్తుంది, బూటు అడుగడుక్కీ వంగుతుంది, ఆ కోటింగ్ దానితో పాటు సాగలేక పగులుతుంది. ఇంకో పద్ధతిలో డిజైన్ ఉన్న గుడ్డనే లోపల మేజోడులా పెట్టి దాని మీద పారదర్శకంగా ఉండే పీవీసీ ప్లాస్టిక్ పోత పోస్తారు. అంటే పువ్వు పైన లేదు, గాజు కింద ఫొటోలా లోపల ఉంది. అది ఊడాలంటే బూటే చిరగాలి. ఈ రెండిటికీ ఫొటోలో తేడా ఏమీ కనపడదు, అదే చిక్కు, చేత్తో పట్టుకుని చూస్తే మాత్రం అర నిమిషంలో తెలిసిపోతుంది.

ఎలాగంటే, బూటు పైభాగం పట్టుకుని రెండు మడతలు పెట్టి గట్టిగా నొక్కండి. మడత మీద తెల్లగీత వచ్చి, వదిలాక కూడా అలాగే ఉండిపోతే అది పైపూతే. తర్వాత మడమ వెనక ఎవరికీ కనపడని చోట గోరుతో గీకండి. షాపువాడు చూస్తాడేమో అని మొహమాట పడకండి, డబ్బులు మనవి. ఆఖరుగా పై అంచు కోసిన చోట మందం చూడండి, లోపల గుడ్డ మీద రంగు, దాని పైన ఒక మిల్లీమీటరో రెండో గాజులాంటి పొర కనపడిందంటే మీక్కావల్సింది అదే.

రెండో జత కథ వేరు, అందులో సగం తప్పు నాదే. కాకినాడలో ఒక షాపులో కొన్నా, అసలైన రబ్బరు, 1,450. ఆకుపచ్చ మీద చిన్న చిన్న ఆకులు, మెత్తగా, చేతిలోకి తీసుకుంటేనే మంచి సరుకని తెలుస్తుంది. రబ్బరుకి పీవీసీకి తేడా అదే, చలికి కూడా బిగుసుకుపోదు, వంగినప్పుడు సౌఖ్యంగా ఉంటుంది. నాలుగు రోజులు మూల పెడితే పైన తెల్లగా బూడిద పూసినట్టు వస్తుంది, అది బూజు కాదు, లోపలి పదార్థాలు పైకి తేలడం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, రబ్బరు బూట్లకి మామూలే. డిజైనూ నిలిచింది. మరి ఏం పోయిందంటే సైజు. నాకు 5, వాళ్ళ దగ్గర 5 లేదు, 6 ఇచ్చి "మేడం, సాక్స్ వేస్తారు కదా సరిపోతుంది" అన్నాడు. షాపు నేల మీద సరిపోయింది. మా లంక ఒండ్రు సంగతి ఆ అబ్బాయికేం తెలుసు. రొంపిలో బూటు దిగబడితే కింద గాలి ఆడక పీల్చి పట్టేసుకుంటుంది, మడమ దగ్గర వదులుంటే కాలు పైకొస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. ఒకరోజు అరటితోట మలుపులో సరిగ్గా అదే జరిగి, ఒంటి కాలి మీద కొంగలా నిలబడి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హాజరు పుస్తకాలున్న సంచి, బూటు మాత్రం నా వెనక రెండడుగుల దూరంలో నిటారుగా నిలబడి ఉంది. గెలలు కోస్తున్న ఆయన వచ్చి పీకి ఇచ్చాడు, "ఆయ్, బూటు మనిషికా, బురదకాండీ" అంటూ. అలా వదులుగానే ఆ సీజనంతా ఈడ్చి, ఎండాకాలం డాబా మీద ఎండలో ఆరబెట్టి మర్చిపోయా. రబ్బరుకి ఎండ పడదు. మే నెలాఖరుకి తీసి చూస్తే పాదం పైన బీటలు. నీళ్ళ బకెట్లో నిలబెట్టి చూస్తే లోపలికి ఊట.

సైజు గురించి కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. పాదం కొలత సాయంత్రం పూట తీసుకోండి, రోజంతా నిలబడ్డాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. కాగితం మీద నిలబడి గీత గీయించుకుని మడమ నించి పొడుగాటి వేలు దాకా సెంటీమీటర్లలో కొలుచుకోండి, పొడుగాటిది బొటనవేలే అవ్వాలని లేదు, నాకు పక్కవేలు పొడుగు. లేబుల్ మీద 38 అని ఉంటే మన 5 అనుకోవచ్చు, కానీ కంపెనీకీ కంపెనీకీ కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సెంటీమీటర్లే నమ్ముకోవాలి. గంబూట్లలో అర సైజులు దాదాపు దొరకవు, మధ్యలో పడితే పెద్దది తీసుకుని లోపల ఇంకో అట్ట సోల్ వేసుకోవాలి. వేళ్ళ ముందు కాస్త చోటుండాలి, మడమ మాత్రం నడుస్తుంటే అర అంగుళం కంటే ఎక్కువ లేవకూడదు. ఇక పిక్క, ఇది ఎవ్వరూ చెప్పరు. పిక్క చుట్టుకొలత టేపుతో కొలుచుకుని బూటు నోరు దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువుండేలా చూసుకోండి. నాది 37, బూటు నోరు 40. మరీ బిగుతైతే తియ్యడానికి ఇంకో మనిషి కావాలి, మరీ వదులైతే వానంతా గరాటులో పోసినట్టు లోపలికే.

ఎత్తు సంగతి కూడా. మోకాలి దాకా ఉండేవి అందంగానే ఉంటాయిగానీ మా ఉక్కకి పది నిమిషాల్లో లోపల చెమట ఊరిపోతుంది. పైగా చీర కట్టినరోజు కుచ్చిళ్ళు పిక్క దాకా ఎత్తి దోపుకుంటాం కదా, అంచు సరిగ్గా బూటు నోటికి తగిలి తడి పీల్చేస్తుంది. పదకొండు పన్నెండు అంగుళాలవి, పిక్క మధ్యకొచ్చేవి చీరకీ చుడీదార్‌కీ రెండిటికీ కుదురుతాయి. చీలమండ దాటి నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే ఉండే పొట్టివి కూడా షోగ్గా ఉంటాయి, సిటీలో ఆటో దిగి ఆఫీసులోకి వెళ్ళేవాళ్ళకి చాలు, మా గేదెల గుంటలకి చాలవు. ఇంకొకటి, గడ్డిలో నడిచేవాళ్ళకి చీలమండా పిక్కా కప్పి ఉండడం ముఖ్యం, రక్తపింజర కాటేసేది ఎక్కువ ఆ ఎత్తులోనే.

సరే, మూడో జత. రాజమండ్రి వెళ్ళినప్పుడు తాడితోటలో పిల్లలకి యూనిఫాం గుడ్డ తీసుకుని వస్తూ మెయిన్‌రోడ్డులో ఒక పాత చెప్పుల షాపులోకి వెళ్ళా. ఈసారి నేను అడిగినవాటికి ఆ పెద్దాయన విసుక్కోకుండా ఆరు జతలు దింపి, స్టూలేసి కూర్చోబెట్టి "తొందరేం లేదమ్మా, రెండూ వేసుకుని మెట్లెక్కి దిగి చూడు" అన్నారు. రెండూ వేసుకోమనడం చూడండి, చాలా షాపుల్లో ఒక కాలిది ఇచ్చి సరిపెడతారు. 1,800 చెప్పి 1,650కి ఇచ్చారు. పీవీసీ, పైన చెప్పిన గుడ్డ మీద గాజు పోత రకం. ముదురు మెరూన్ మీద చిన్న చిన్న తెల్ల మల్లెమొగ్గలు, మధ్యలో సన్న ఆకుతీగ.

డిజైన్ ఎంచుకోవడంలో నేను నేర్చుకున్నది చెప్తా. పెద్ద పెద్ద పూలు ఫొటోలో బావుంటాయి, కాలికేశాక చీలమండ మడతలో సగం పువ్వు మింగేసి వికారంగా కనపడతాయి. చిన్న, దగ్గర దగ్గరగా ఉన్న డిజైన్ అయితే గీతలు పడ్డా, మరకలు పడ్డా అందులో కలిసిపోతాయి. తెల్ల నేల మీద డిజైన్ వద్దు బాబూ, ఒండ్రు ఆరాక బూడిదరంగు మరక పోనే పోదు. గోదారి ఎర్రనీళ్ళకైతే మెరూన్, ముదురు నీలం, బురదాకుపచ్చ ఇవే. వెనక కుట్టు దగ్గర తీగ తెగిపోకుండా కలుస్తోందో లేదో చూడండి, అక్కడ శ్రద్ధ పెట్టినవాడు మిగతా చోట్ల కూడా పెట్టి ఉంటాడు. నాకైతే పెడన కలంకారీ డిజైన్లో గంబూట్లు ఎవరైనా చేస్తే ఎంతైనా కొనాలనుంది, చీరల మీదా సంచుల మీదా అన్నిటి మీదా వచ్చింది, ఇదొక్కటే మిగిలింది.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని బూట్లలో పాత పేపరు కుక్కి నీళ్ళ బకెట్లో చీలమండ పైదాకా రాత్రంతా నిలబెట్టడం. మా అత్తగారు చూసి "కొత్త బూట్లని నానబెడుతున్నావేంటే అమ్మాయ్, పప్పనుకున్నావా" అన్నారు. పొద్దున్న పేపరు పొడిగా ఉంది. బిల్లు చేతిలో ఉండగానే ఈ పరీక్ష చేసేసుకోవాలి, వానలో తెలుసుకుంటే లాభం లేదు.

ఇప్పటికి అయిదు నెలలైంది, సెలవులు తీసేస్తే దాదాపు రోజూ వాడాను. ఒక్క మొగ్గ రాలలేదు. అడుగు పళ్ళు లోతుగా, ఎడం ఎడంగా ఉన్నాయి, అందుకే బురద పట్టినా నాలుగడుగులు గడ్డి మీద వేస్తే రాలిపోతుంది. మొదటి జతకి అడుగున సన్న వంకర గీతలు, వాటిలో ఒండ్రు నిండిపోయి అట్టకట్టి రెండు కాళ్ళకీ రెండు అప్పడాల పీటలు కట్టుకున్నట్టుండేది. అయితే పాచి పట్టిన రేవు మెట్ల మీద ఈ బూట్లూ జారతాయి, ఏవైనా జారతాయి, అక్కడ గొప్పలకి పోకూడదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. బరువు. వంటింటి కాటాలో జత 1 కిలో 700 గ్రాములు తూగింది, మొదటి వారం పిక్కలు పట్టేశాయి. బరువు పడనివాళ్ళకి ఈవీఏ అని నురుగు రకం వస్తుంది, చేత్తో ఎత్తితే దూదిలా ఉంటుంది, కానీ మేకులకీ ముళ్ళకీ తొందరగా గుచ్చుకుపోతుంది, కొబ్బరితోటల్లో నేనైతే నమ్మను. రెండోది, పైకి లాక్కోడానికి పక్కన చెవులు లేవు. తీసేటప్పుడు మడమని గడప అంచుకి తగిలించి లాగుతున్నా. మూడోది, ఎడమ బూటు ముక్కు దగ్గర గాజు పొర కొద్దిగా పసుపు తిరిగింది. పీవీసీకి ఎండ తగిలితే అలా తిరుగుతుంది, స్కూటీ ముందు పెట్టుకుని తిరిగిన ఫలితం. మెరూన్ మీద పెద్దగా తెలీదులెండి, లేత రంగుదైతే బాగా కనపడేది. లోపల పాలియెస్టర్ గుడ్డ, తడిస్తే ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. అందుకని పెరట్లో చూరు కింద రెండు వెదురు కర్రలు పాతి వాటి మీద బోర్లిస్తున్నా, నీడా గాలీ రెండూ తగులుతాయి. పొయ్యి దగ్గరా ఎండలోనూ వద్దు. నూలు మేజోళ్ళు రెండు జతలు పెట్టుకుని బడికెళ్ళాక మార్చేస్తున్నా, ఈ ఏడాది వేళ్ళ సందులు ఒరవలేదు. పొద్దున్నే వేసుకునే ముందు తలకిందులు చేసి గట్టిగా దులపడం మాత్రం మర్చిపోకండి. ఆగస్టులో ఒకరోజు నా దాంట్లోంచి కప్ప దూకింది, జెర్రి అయ్యుంటే ఏంటి సంగతి.

వీటికి పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. దమ్ము చేసిన, అంటే ఊడ్పులకి నీళ్ళు పెట్టి బురదగా దున్నిన చేలో ఇవి దండగ. ఒకరోజు సరదాకి వేసుకుని ఊడ్పులు చూడ్డానికి మడిలో దిగితే నాలుగో అడుక్కే రెండు కాళ్ళూ పాతుకుపోయాయి, ఊడ్చేవాళ్ళంతా నడుం ఎత్తి మరీ నవ్వారు. తమాషా ఏంటంటే ఈ రబ్బరు బూట్లు అసలు రైతుల కోసమే ఊపందుకున్నాయి. గుడ్‌ఇయర్ కనిపెట్టిన, రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి తీసుకుని హచిన్సన్ అనే అమెరికా ఆయన 1853లో ఫ్రాన్స్ వెళ్ళి ఫ్యాక్టరీ పెట్టాడు, అక్కడ పొలాల్లో చెక్క పాదరక్షలతో తిరిగేవాళ్ళకి ఇవి తెగ నచ్చేశాయి. వాళ్ళవి మెట్ట పొలాలై ఉంటాయి, మా సార్వా వరి దమ్ములోకి వచ్చి ఉంటే చెక్కవే నయమనేవారేమో.

ఇక వరద. ఇది జోకు కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి వరద 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది ఇస్తారు. మా లంక దారిలో కాజ్‌వే మీద అంతకంటే ముందే నీళ్ళు పారేస్తాయి. పారే నీళ్ళలో గంబూట్లు వేసుకుని దిగకండి. నీళ్ళు పైనించి లోపలికి దిగితే ఒక్కో కాలికి రెండు మూడు లీటర్ల బరువు కట్టుకున్నట్టే, కాలు ఎత్తలేరు, తట్టుకుంటే లేవలేరు. 2022 జులైలో 25 లక్షల పైన వచ్చినప్పుడు మేం మర పడవల మీదే తిరిగాం, బూట్లు అటక మీదే. మా అత్తగారైతే 86 వరద ముందు అదెంత అంటారు, ఆవిడకి ఏ వరదైనా దాని తర్వాతే. పక్కింటాయన ఇంకొకటి చెప్తుంటాడు, రబ్బరు బూట్లేసుకుంటే కరెంటు కొట్టదని. కరెంటు పనికి వేరే పరీక్ష చేసి ముద్ర వేసిన బూట్లుంటాయి, ఈ పూల బూట్లని నమ్మి తడి మోటారు ముట్టుకోకండి.

గుర్తుల మాటొచ్చింది కాబట్టి, బూటు మీదో లేబుల్ మీదో ఐఎస్ఐ ముద్రకి పైభాగాన ఐఎస్ 12254 అనుంటే అది పీవీసీ పని బూట్ల ప్రమాణం, ఐఎస్ 5557 అయితే రబ్బరువి. మీ ఇంట్లో చెరువు పని, పాకపని చేసేవాళ్ళకి కొంటుంటే అవి చూసి సాదావే కొనండి, పూలు ఎందుకు. నాలా రోడ్డూ గట్టూ పుంతా నడిచేవాళ్ళకి ఈ రకం.

మార్కులంటే, మొదటి జతకి ఐదుకి ఒకటి, అదీ ఫొటో తీసినవాడికి. రెండోదానికి మూడున్నర, సరైన సైజులో దొరికి నీడలో ఆరబెట్టుకుంటే నాలుగున్నర. మూడోదానికి నాలుగు, ఆ చెవులు పెట్టి ఉంటే ఇంకో పావు వేసేదాన్ని. కిందటివారం మళ్ళీ ఆ షాపుకెళ్తే మల్లెమొగ్గలవి 5 అయిపోయాయన్నారు, 6, 7 ఉన్నాయి, నీలం మీద చుక్కలవైతే అన్ని సైజులూ ఉన్నాయి. సాయంత్రం వెళ్ళండి, పెద్దాయన నాలుగు తర్వాతే కూర్చుంటారు, పొద్దున్న ఉండే కుర్రాడు ఒక కాలిదే ఇస్తాడు.